నాయన నేలమీద పడుకున్న రోజు

సింగపూరులో మేము దిగిన హోటల్లో మా గది చాలా పై అంతస్తులో ఉంది. మా అమ్మాయి, అల్లుడు, వాళ్ళ ఇద్దరు పిల్లలు, నేను. పిల్లల బడి సెలవుల్లో ఎక్కడికైనా పోదామనుకుని నన్నూ కలుపుకున్నారు. పెద్దది తనంతట తాను తిరుగుతుంది. చిన్నవాడికి ఇంకా మూడేళ్ళు నిండలేదు. వాడికి జంతువుల పార్కు నచ్చలేదు, అద్దాల వెనక ఈదే చేపలు నచ్చలేదు, హోటలు లిఫ్టు నచ్చింది. పొద్దున లేవగానే నా కొంగు పట్టుకుని లాగేవాడు. వాళ్ళమ్మా నాన్నా ఫలహారానికి తయారయ్యేలోపు వాణ్ణి ఎత్తుకుని నేను పైకీ కిందికీ తిరిగేదాన్ని. ఆ లిఫ్టుకు శబ్దం లేదు, కుదుపు లేదు. తలుపు మూసుకుంటుంది, తెరుచుకుంటుంది, అంతే. లోపల నిమ్మగడ్డి వాసన.

ఒక పొద్దున అలా తిరుగుతుంటే మధ్యలో ఎక్కడో ఆగిపోయింది. తలుపు తెరుచుకోలేదు. ఒక నిమిషమో, అంతకంటే తక్కువో. తర్వాత దానంతట అదే కదిలింది. పిల్లవాడికి ఏమీ తెలియలేదు, అద్దంలో నాలుక చాపుకుంటున్నాడు. నేను మాత్రం వాణ్ణి గట్టిగా పట్టుకుని, తల పైకెత్తి, "నాయనా" అన్నాను.

కింద ఫలహారం తింటున్నంతసేపూ నాకు అదే ఆలోచన. అరవై దాటిన నేను, ఎప్పుడో పోయిన నాయనను పిలిచాను. దానికి కారణం ఉంది. కానీ అది చెప్పాలంటే ముందు కోలారు బంగారు గనుల్లో మేముండిన లైను ఇంటి దగ్గర మొదలుపెట్టాలి.

మా లైను ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని వరసగా ఉండేవి. ఒకరింట్లో తాళింపు వేస్తే వరసంతా తుమ్మేది. మా గోడకు అటుపక్క అరవం, ఇటుపక్క తెలుగు, ఎదురు వరసలో కన్నడం. కుళాయి దగ్గర మూడూ కలిసిపోయి కొత్త భాష అయ్యేది. ఆదివారం పొద్దున చర్చి గంట, సాయంత్రం మారెమ్మ గుడి పంబ మోత. గాలి లేస్తే, బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సైనైడు దిబ్బల మీది బూడిదరంగు దుమ్ము వచ్చి అన్నం మీద పడేది. దాన్ని వేలితో పక్కకు తోసి తినడం మాకు చిన్నప్పుడే అలవాటు.

మా నాయన గనిలో పనిచేసేవాడు, కానీ గనిలోకి దిగేవాడు కాదు. ఆయన వైండింగ్ ఇంజను డ్రైవరు. భూమిలోకి నిలువుగా, మనిషి ఊహకందనంత లోతుకు తవ్విన షాఫ్టులో ఇనుప తాడుకు వేలాడుతూ ఒక బోను ఉండేది. దాన్ని కేజి అనేవాళ్ళు. పనివాళ్ళను దించేదీ ఎత్తేదీ అదే. ఆ తాడును చుట్టే ఇంజను పైన ఒక పెద్ద షెడ్డులో ఉంటుంది. అక్కడ ఎత్తైన కుర్చీలో కూర్చుని, లోపలినుంచి వచ్చే గంట మోతను బట్టి మీట లాగడం నాయన పని. పనివేళలో ఆయనతో ఎవరూ మాట్లాడకూడదు. ఒకసారి అమ్మకు ఒంట్లో బాగలేక నేనే అన్నం క్యారియరు తీసుకుపోయాను. నేల తుడిచి తుడిచి అద్దంలా ఉంది. ఇత్తడి భాగాలన్నీ మెరుస్తున్నాయి. వేడెక్కిన ఇనుము, నూనె కలిసిన వాసన. నాయన నా వైపు కన్నైనా తిప్పలేదు. కేజి ఎంత లోతులో ఉందో చూపే, ముల్లు తిరిగే గడియారం లాంటి దాన్నే చూస్తున్నాడు. క్యారియరు గోడ దగ్గర పెట్టి వచ్చేశాను. ఇంటికొచ్చి అమ్మతో, "నాయన నన్ను గుర్తు పట్టలేదు" అని ఏడ్చానట.

ఆ అలవాటే ఇంట్లోకీ వచ్చింది. ఆయన మాట్లాడేవాడు కాదు, మేమూ ఆయన దగ్గర ఎక్కువ మాట్లాడేవాళ్ళం కాదు. తిట్టేవాడా అంటే లేదు. కొట్టిన గుర్తు అసలే లేదు. కూర్చున్న చోట నిమ్మళంగా కూర్చుని, ఎదురుగా ఏదో తిరుగుతున్నట్టు చూస్తుండేవాడు.

మా ఇంట్లో అవ్వ కూడా ఉండేది, నాయన తల్లి. అవ్వకు మాటలు ఎక్కువ. కోడి మీద, కుళాయి మీద, పక్కింటి అరవామె కొత్త కమ్మల మీద ఎంతసేపైనా మాట్లాడేది. తాత గురించి మాత్రం ఒక్క మాట లేదు. తాత గనిలో పోయాడని మాకు తెలుసు. భూమి లోపల రాయి బద్దలై మీద పడే ప్రమాదాన్ని బరస్టు అనేవాళ్ళు. అది జరిగినప్పుడు మా ఇళ్ళు కూడా కదిలేవి, అటకమీద గిన్నెలు గలగలమనేవి. అలాంటి ఒక బరస్టులో తాత పోయాడు. అప్పటికి నాయన పదకొండేళ్ళవాడు. ఆ రోజంతా షాఫ్టు దగ్గర కంచె పట్టుకుని, కేజి పైకి వచ్చినప్పుడల్లా తన నాయన దిగుతాడేమోనని చూస్తూ నిలబడ్డాడని పక్కింటి మామ అమ్మకు చెబుతుంటే విన్నాను. అంతకు మించి ఎవరూ చెప్పలేదు.

తర్వాత కొన్నాళ్ళకు అవ్వ ఒక దొర కాళ్ళమీద పడి, కొడుకును ఇంజను షెడ్డులో తుడిచే పనికి పెట్టించిందట. అక్కడే పని నేర్చుకుని నాయన పెద్దయ్యాక ఆ కుర్చీ ఎక్కాడు. లైనులో కొందరు దాన్ని ఎగతాళి చేసేవాళ్ళు. "నీకేమప్పా, మమ్మల్నంతా పాతాళానికి పంపి నువ్వు ఫ్యాను కింద కూర్చుంటావు" అనేవాళ్ళు. అది తమాషాకే. కానీ ఒకసారి కుళాయి గొడవలో ఒకడు నోరు జారాడు. "నాయన లోపల చచ్చె, కొడుకు భయపడి పైన కుర్చీ ఎక్కె" అన్నాడు. నాయన బిందె ఎత్తుకుని వెనక్కి తిరిగాడు. ఇంటికొచ్చి ఆ పూట అన్నం తినలేదు. అవ్వ సంగటి ముద్ద కంచంలో పెట్టుకుని చాలాసేపు ఎదురుగా కూర్చుంది.

అమ్మ పుట్టిన ఊరు నంగలి. ఆమె సముద్రం చూడలేదు. నాయనతో పనిచేసే ఒకాయన అక్క మద్రాసులో పెరంబూరులో ఉండేది. "సెలవుల్లో పిల్లల్ని పిలుచుకొని పోప్పా, మా అక్క ఇల్లుండాది గదా" అని ఆయన ప్రతి ఏడూ అనేవాడు. ఆ ఏడు ఏమనుకున్నాడో నాయన లీవు పెట్టాడు. అమ్మ నమ్మలేదు. పెట్టె కట్టేదాకా ఆమె ఎవరితోనూ చెప్పలేదు. అవ్వ మాత్రం మొదటి రోజే తేల్చేసింది.

"నేనూ వస్తా. సముద్రం నేను చూడొద్దా? చచ్చినాక పటంలో చూపిస్తావా?"

"మోకాళ్ళు నొప్పి అంటావు గదమ్మా."

"సముద్రం మెట్లమీద ఉండాదా ఏమి?"

అవ్వ వారం ముందునుంచే నిప్పట్లు కాల్చడం మొదలుపెట్టింది. బియ్యప్పిండిలో వేరుశెనగ పప్పు, నువ్వులు, కారం కలిపి తట్టి నూనెలో వేస్తే ఇల్లంతా ఆ వాసనే. నేనూ తమ్ముడూ చెరొకటి ఎత్తుకుని పెరటి వెనక్కి పరుగు తీసేవాళ్ళం. తమ్ముడికి అప్పుడు అయిదేళ్ళు. వాడు పట్టుబడినా నా పేరు చెప్పేవాడు కాదు, అందుకే వాణ్ణి ముందు పంపేదాన్ని. ఇవి కాక చింతపండు పులుసన్నం, బొరుగులు, ఒక సీసాలో మామిడికాయ ఊరగాయ. మద్రాసులో తిండి దొరకదని ఎవరు చెప్పారో తెలియదు.

మారికుప్పం నుంచి వచ్చే బండిలో బంగారుపేటకు పోయి, అక్కడ మద్రాసు బండి ఎక్కాం. కుప్పం దాటేసరికి తమ్ముడు పులుసన్నం అడిగాడు. జోలార్‌పేటలో వడల వాసన వచ్చింది కానీ అవ్వ కొననివ్వలేదు. నాయన కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఒకటే చూశాడు. బండి ఆగినా, కదిలినా, మలుపు తిరిగినా ముందుకు వంగి ఇంజను వైపు చూసేవాడు. నడిపేవాడు ఎలా నడుపుతున్నాడో ఆయనకు కావాలి.

మే నెలలో కోలారు వాళ్ళు మద్రాసుకు పోవడమంటే చల్లటి ఇల్లు వదిలి పొయ్యిలో కూర్చున్నట్టే. స్టేషను బయటికి రాగానే ఒళ్ళంతా కారిపోయింది. చేపలు, మల్లెపూలు, మురికికాలువ, అన్నీ కలిసిన వాసన. పెరంబూరు అత్త, ఆమెను మేము అలాగే పిలిచేవాళ్ళం, రైల్వే క్వార్టర్సు గుమ్మంలో నిలబడి ఉంది. లావుపాటి మనిషి, మెడలో చిన్న సిలువ. మా లైనులోనే పుట్టి పెరిగింది కాబట్టి మా తెలుగే మాట్లాడేది, మధ్య మధ్య అరవం పడేది.

"రాండి రాండి, ఎన్నేండ్లాయె మన ఊరి మనుషుల్ని చూసి! కుళాయి కాడ ఇంగా కొట్లాడతా ఉండారా?" అని మొదటి మాటే అడిగింది.

ఆమె వండిన చేపల పులుసు నాకు ఇప్పటికీ నోట్లో ఉంది. కొబ్బరి, పచ్చి మామిడి ముక్కలు, మట్టి చట్టి. అవ్వ మొదట మొహమాటపడి, తర్వాత చట్టి అడుగు గీరింది.

మొదటి సాయంత్రమే సముద్రానికి పోయాం. ఇసుకలో నడుస్తుంటే దూరం నుంచి నీళ్ళు కనబడగానే అమ్మ ఆగిపోయింది. తర్వాత చెప్పులు విప్పి నా చేతికిచ్చి, మమ్మల్నెవరినీ చూడకుండా పోయి మోకాళ్ళ లోతులో నిలబడింది. అల వచ్చి చీరంతా తడిపినా కదలలేదు. గట్టిగా నవ్వింది. అమ్మ పళ్ళు కనబడేలా నవ్వడం నేను అప్పుడే చూశాను. అవ్వ గట్టునే కూర్చుని, దోసిలితో ఒక గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేసింది.

"ఇంత నీళ్ళు ఈడ పెట్టుకొని, మన కోలారులో ఒక చెరువన్నా నింపలేదే దేవుడు! నింపినా ఉప్పేసి పెట్టినాడు" అంది.

నేనూ తమ్ముడూ ఊరగాయ సీసా ఖాళీ చేసి దాంట్లో సముద్రం నీళ్ళు పట్టుకున్నాం. లైనులో పిల్లలకు చూపించడానికి. ఊరగాయ ఏమైందని అవ్వ అడిగితే తమ్ముడు కాకి తినిందన్నాడు. నాయన మాత్రం నీళ్ళలోకి దిగలేదు. ప్యాంటు మడవకుండా తడి ఇసుక అంచునే నిలబడి, మమ్మల్ని ఒక్కొక్కరినే చూస్తూ ఉన్నాడు. ఎవరైనా నాలుగడుగులు లోపలికి పోతే చాలు, "చాలు, చాలు, ఇట్ల రాండి" అనేవాడు.

ఆ తర్వాతి రోజు అమ్మకు చీర కొనడానికి ఒక పెద్ద బట్టల కొట్టుకు పోయాం. నాలుగంతస్తుల కొట్టు. పట్టుచీరలన్నీ పై అంతస్తులో. లోపలికి పోగానే కొత్తగుడ్డల గంజి వాసన, పైన ఫ్యాన్ల గాలి. ఎదురుగా ఇనుప జల్లెడలాంటి మడత తలుపు, దాని వెనక లిఫ్టు, లోపల స్టూలు మీద ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి. తమ్ముడు దాన్ని చూడగానే ఎగరడం మొదలుపెట్టాడు.

"మెట్లెక్కి పోదాం" అన్నాడు నాయన.

"అత్తమ్మ ఆ మోకాళ్ళతో ఎక్కలేదండీ" అంది మా అమ్మ.

నాయన తల వంచి, జల్లెడ సందులోంచి పైకి చూశాడు. నల్లటి గొట్టంలా ఉంది, మధ్యలో తాళ్ళు వేలాడుతున్నాయి. ఆయన ముఖం ఒక్కసారి వేరే ముఖమైంది. "మీరు పోండి. నేను మెట్లమీద వస్తా" అని, మేము ఎక్కేలోపే మెట్ల వైపు తిరిగాడు.

లోపల మేము నలుగురం, ఖాకీ మనిషి, గొడుగు పట్టుకున్న ఒక పెద్దాయన. లిఫ్టు కదిలితే కడుపులో చక్కిలిగింతలు పెట్టినట్టయింది. నేల కిందికి పోవడం, గోడ ఇటుకలు జారడం జల్లెడలోంచి కనబడుతున్నాయి. తమ్ముడు కేకలు పెడుతున్నాడు. అంతలో ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యాయి. దీపం ఆరింది. లిఫ్టు కుదుపుతో ఆగింది. కొట్టంతా ఒక్కసారి "హో" అంది. కరెంటు పోయింది.

రెండు అంతస్తుల మధ్య ఆగాం. ముందర అంతా గోడే. పైన మాత్రం, అమ్మ తలంత ఎత్తులో, పై అంతస్తు నేల, దాని మీద మూరెడు సందు కనబడుతున్నాయి. అక్కడినుంచే కాస్త వెలుతురు వస్తోంది. ఖాకీ మనిషి, "ఒణ్ణుం ఆగాదు, ఒణ్ణుం ఆగాదు" అని మాకు ధైర్యం చెప్పాడు, ఏమీ కాదని. గొడుగాయన కళ్ళు మూసుకుని "మురుగా, మురుగా" అనడం మొదలుపెట్టాడు. దాంతో తమ్ముడు ఏడుపు అందుకున్నాడు.

మెట్లమీద ఎవరో పరుగెత్తుతున్న చప్పుడు. ఆ సందులో నాయన చెప్పులు కనబడ్డాయి, తర్వాత మోకాళ్ళు.

"అమ్మా!"

"ఏమప్పా" అంది అవ్వ.

"అందరూ బాగుండారా?"

"బాగుండామప్పా. నిలబడి ఉండాది, అంతే. వీనికి ఉచ్చ వస్తా ఉండాదంట."

"దీని ఇంజను యాడుండాది? పైనా? తాళం ఎవురి దగ్గరుండాది?" నాయన ఎవరినో అడుగుతున్నాడు. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు, సన్నగా ఉంది. కొట్టు మేనేజరు కాబోలు, ఒకాయన వచ్చి, అక్కడికి ఎవరినీ పోనివ్వకూడదనీ, కరెంటు వస్తుందనీ, కుర్చీలో కూర్చోమనీ, సోడా తెప్పిస్తాననీ మర్యాదగా చెబుతున్నాడు. నాయన మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే జవాబు.

ఆ తర్వాత ఆయన నేలమీద పడుకున్నాడు. నిజంగానే. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో, చీరలు కొనడానికి వచ్చిన అంతమంది మధ్య బోర్లా పడుకుని, సందు దగ్గర ముఖం పెట్టాడు. లిఫ్టు తలుపుదీ, ఆ అంతస్తు తలుపుదీ, రెండు జల్లెడల్లోంచి చెయ్యి కిందికి చాపాడు. ఖాకీ మనిషి తన స్టూలు నాకు ఇచ్చాడు. నేను దానిమీద నిలబడి ఆ వేళ్ళు పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి, తడిగా ఉన్నాయి. ఇంజను మీట పట్టుకునే చెయ్యి అది.

"మాట్లాడతా ఉండమ్మా. నాకు వినబడాల" అన్నాడు.

"ఏం మాట్లాడేదప్పా? ముందు లెయ్యి, గుడ్డలు మాసిపోతాయి."

"ఏమన్నా మాట్లాడు. నిలపొద్దు."

అంత మాటల మనిషైన అవ్వకూ ఏమీ తోచలేదు. సంచి విప్పి అందరికీ నిప్పట్లు పంచింది. గొడుగాయనకూ ఒకటి ఇచ్చింది. ఆయన నమలడంలో పడి మురుగణ్ణి వదిలేశాడు. తమ్ముడి ఏడుపు తగ్గింది. అవ్వ గోడకు ఆనుకుని కింద కూర్చుంది.

"మీ తాత చెప్తా ఉండె, మే," అంది నాతో. నేను వెనక్కి తిరిగి చూశాను. ఆ మాట ఆమె నోట ఎప్పుడూ రాలేదు. "కేజీలో దిగేటప్పుడు చెవులు మూసుకొని పోతాయంట. ఎంగిలి మింగితే తెరుచుకొంటాయంట. లోపల ఉక్క. చొక్కాలు విప్పేసి పని చేస్తారంట. తువ్వాలు పిండితే చెమట ధారగా కారతాదంట. పైనోడు తాడు వదిలేస్తే ఎట్లప్పా అంటే నగతా ఉండె. పైన కూర్చొన్నోడు మన మాదిరి మనిషే గదా, వానికీ పెండ్లాం బిడ్డలు ఉండారు, సుమ్మనే వదిలేస్తాడా అంటా ఉండె."

నా వేళ్ళ మీద నాయన పట్టు బిగిసింది.

"ఆ పొద్దున ఏమన్నాడు?" అని అడిగాడు.

ఏ పొద్దునో నాకు అర్థం కాలేదు. అవ్వకు అయింది. ఆమె కొంగుతో నోరు తుడుచుకుంది.

"ఆ పొద్దున చద్ది తిని, తువ్వాలు తలకి చుట్టుకొని బయల్దేరినాడు. వాకిలి దాటినోడు మళ్ళీ లోపలికొచ్చినాడు. నువ్వు చాప మీద నిద్రపోతా ఉంటివి. నిన్ను చూస్తా నిలబడుకొన్నాడు. లేపుదునా అంటి. వద్దు అన్నాడు. వీణ్ణి లోపలికి పంపొద్దే, నేనొకణ్ణి దిగింది చాలు. ఇంజను కాడ పని నేర్పించాల వీనికి, ఆ కుర్చీలో కూర్చోబెట్టాల అన్నాడు. అన్జెప్పి పోయినాడు."

అమ్మ తమ్ముణ్ణి ఆ చంకనుంచి ఈ చంకకు మార్చుకుంది.

"నాకు చెప్పలేదే నువ్వు."

"ఎప్పుడు చెప్పేదప్పా? ఆయన మాటెత్తితే నువ్వు లేచి బయటికి పోతా ఉంటివి. రెండుసార్లు చూసినా, మూడుసార్లు చూసినా. ఇంగ నేనూ మానుకొంటి."

"నువ్వే భయపడి, దొర కాళ్ళు పట్టుకొని నన్ను ఆడ పెట్టిస్తివి అనుకొన్యా. నేను మా నాయన మాదిరి దిగేవాణ్ణి కాదని..." అన్నాడు నాయన.

"కాళ్ళు పట్టుకొన్యా, లేదనను. ఆయన చెప్పి పోయిండె గదా, దానికి పట్టుకొన్యా. నాకేమి తెలుసు ఇంజనూ కుర్చీ? ఎవురో ఏదో అంటే అంటారు, అననీ. నువ్వు పోయిన జాగా మీ నాయన పంపించిన జాగా."

నాయన ఏడుస్తున్నాడని నాకు చేతి ద్వారానే తెలిసింది. చప్పుడు లేదు. వేళ్ళు మాత్రం పట్టుకోవడం, వదలడం, మళ్ళీ పట్టుకోవడం. నాకేం చేయాలో తెలియక, నా దగ్గరున్న సగం నిప్పట్టు ఆయన చేతిలో పెట్టాను. తీసుకున్నాడు, చెయ్యి పైకి పోయింది. తిన్నాడు కూడా. మళ్ళీ చెయ్యి కిందికి చాపాడు.

కరెంటు వచ్చింది. ఫ్యాన్లు తిరిగాయి, కొట్టంతా మళ్ళీ "హో" అంది. ఖాకీ మనిషి మీట మీద చెయ్యి వేసి, పైకి చూసి, ఆగాడు.

"సార్, చెయ్యి తీస్తేనే కదుపుతా."

నాయన తీయలేదు. అందరికంటే ఆయనకే ఎక్కువ తెలుసు, కదిలే బోనులో చెయ్యి పెడితే ఏమవుతుందో. అయినా తీయలేదు. ఖాకీ మనిషి తొందరపెట్టలేదు. మీట మీద చెయ్యి అలాగే ఉంచుకుని నిలబడ్డాడు.

"ఏమండీ, తీయండి. మేము ఈడ్నే ఉండాం, పైకే వస్తా ఉండాం" అంది అమ్మ మెల్లగా.

అప్పుడు నా వేళ్ళు వదిలాడు.

పైకి చేరి తలుపు తెరిచేసరికి ఆయన లేచి నిలబడి ఉన్నాడు. చొక్కా ముందరంతా మట్టి. చెంప మీద నేల గీతలు. అమ్మ అంతమందిలో కొంగుతో ఆయన చొక్కా దులిపింది. లైనులో అయితే అమ్మ అలా చేసేది కాదు. తమ్ముడు లోపల ఉండగానే పని కానిచ్చేశాడని అప్పుడు తెలిసింది. ఖాకీ మనిషి నవ్వి, బకెట్టు తెస్తానని పోయాడు. మేనేజరు మాకు రంగు సోడాలు ఇప్పించాడు.

అమ్మ వంకాయరంగు చీర తీసుకుంది. ఏది చూపించినా నాయన "బాగుండాది" అన్నాడు. చివరకు అవ్వే ఎంచింది. దిగేటప్పుడు అవ్వ మళ్ళీ లిఫ్టు దగ్గరికే నడిచింది.

"నా మోకాళ్ళకి మెట్లు పడవప్పా. నువ్వు మెట్లమీద పో, నేను దీంట్లో వస్తా."

నాయన ఒక్క క్షణం నిలబడి, ఆమె భుజం పట్టుకుని లోపలికి అడుగుపెట్టాడు. కిందికి చేరేదాకా ఆ ఖాకీ మనిషి చేతినే చూశాడు. దిగాక ఆయనకు దండం పెట్టాడు. ఆ మనిషికి ఎందుకో అర్థం కాలేదు, తిరిగి దండం పెట్టాడు.

పెరంబూరు అత్త ఇంట్లో ఇంకో రెండు రోజులు ఉన్నాం. పాముల పార్కు చూశాం, ఎండకు తమ్ముడికి జ్వరం వచ్చింది, అత్త వాడి నుదుటిన తడిగుడ్డ వేసి పాటలు పాడింది. తిరుగుబండిలో నా సముద్రం సీసా మూత ఊడి అమ్మ కొత్త చీర పొట్లం తడిసింది, ఊరగాయ సంగతి కూడా అప్పుడే బయటపడి నాకు రెండు దెబ్బలు పడ్డాయి. నాయన కిటికీ పక్కన కూర్చోలేదు. అవ్వ పక్కన కూర్చున్నాడు. కాట్పాడి నుంచి బంగారుపేట దాకా ఏదో అడుగుతూనే ఉన్నాడు, అవ్వ చెబుతూనే ఉంది. తాతకు ఏ కూర ఇష్టం, ఏ ఊరినుంచి ఎలా నడిచి వచ్చాడు, పాడేవాడా, కోపం వచ్చేదా. పిల్లవాడు కథలు అడిగినట్టు అడిగాడు.

ఆ ఏడే, ఆయుధపూజ అయిన తర్వాత, నాయన పై అధికారిని అడిగి ఒక రోజు గనిలోకి దిగాడు. తన కుర్చీలో ఆ రోజు స్నేహితుడు కూర్చున్నాడు, పెరంబూరు అత్త తమ్ముడు. ఆ సంగతి పొద్దున బయల్దేరేటప్పుడు గడపలో చెప్పాడు. అమ్మ ఆ పూట రెండుసార్లు అన్నం మాడ్చింది. మధ్యాహ్నం దాటాక వచ్చాడు. ముఖమంతా నల్లగా, కళ్ళు మాత్రం తెల్లగా. తాత పనిచేసిన వైపు ఒక ముసలి మేస్త్రీ తీసుకుపోయి చూపించాడట. ఆ దారి మూసేశారు, రాళ్ళు పేర్చి ఉన్నాయి. దాని ముందు కాసేపు కూర్చుని వచ్చాడట.

"ఏముండాది నాయనా అక్కడ?" అని అడిగాను.

"ఉక్క" అన్నాడు. కాసేపాగి, "చెవులు మూసుకొన్నాయి. ఎంగిలి మింగితే తెరుచుకొన్నాయి" అన్నాడు.

అవ్వ నీళ్ళు కాచింది. పెరట్లో రాతిమీద కూర్చోబెట్టి, పెళ్ళై ఇద్దరు పిల్లలున్న కొడుక్కి తానే వేడినీళ్ళు పోసింది. వీపు రుద్దుతుంటే ఆయన కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

ఆ తర్వాత ఆయన మాటలమనిషి అయిపోయాడని చెప్పను. కుర్చీలో కూర్చున్నంత కాలం అదే మనిషి. కానీ కుళాయి దగ్గర ఎవరైనా ఫ్యాను కింద కుర్చీ అని తమాషా చేస్తే నవ్వేవాడు. అవ్వ పోయింది. నాయన రిటైరయ్యాడు. తర్వాత గనులు మూసేశారు. లైనుల్లో ఇళ్ళకు ఒక్కొక్కదానికే తాళాలు పడ్డాయి, సగంమంది పొద్దున్నే బెంగళూరు బండి ఎక్కే ఉద్యోగస్థులైపోయారు. షాఫ్టుల నిండా నీళ్ళు చేరాయని చెబుతారు. తాత పనిచేసిన చోటు ఆ నీళ్ళ కింద ఎక్కడో ఉంటుంది.

చివరి రోజుల్లో నాయన నా దగ్గర కోలారులోనే ఉన్నాడు. మా అమ్మాయి అప్పుడు చిన్నది. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తన నాయన గురించి చెప్పేవాడు. తలకి తువ్వాలు ఎలా చుట్టుకున్నాడో, వాకిలి దాటి మళ్ళీ ఎలా వెనక్కి వచ్చాడో, ఎంతసేపు నిలబడ్డాడో, అన్నీ కళ్ళతో చూసినట్టే చెప్పేవాడు. "నా దిక్కు చూసి నగినాడమ్మా, నేనూ నగినాను" అనేవాడు. తాను ఆ వేళ నిద్రపోతున్న సంగతి మాత్రం ఎన్నడూ చెప్పలేదు. నేను పక్కనే కూర్చుని బియ్యం ఏరుకుంటూ వినేదాన్ని. ఒక్కసారి కూడా సరిదిద్దలేదు.